మా తాతయ్య సరుగుడు ముఠా

మా ఊరి చర్చిలో నా చిన్నప్పుడు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొసే. ఫర్, పైన్, స్ప్రూస్ లాంటివి గ్రీటింగ్ కార్డుల మీద చూడ్డమే. మాది రాజోలు దీవిలో సముద్రం వైపు ఊరు. సఖినేటిపల్లి, మలికిపురం మండలాల్లో లోపలికి వరిచేలు, వాటి గట్ల మీదా దొడ్లలోనూ కొబ్బరి. తీరం దగ్గరయ్యేకొద్దీ నేల ఇసకపర్రలోకి మారిపోతుంది. అక్కడ వరి పండదు, కొబ్బరి కూడా ఈసురోమంటూ పెరుగుతుంది. అలాంటి నేలకి మావాళ్లకి దొరికిన పంట సరుగుడు. నిజానికి అదీ మనది కాదు. ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల వైపు చెట్టు. 19వ శతాబ్దంలో రైలింజన్ల పొయ్యిలకి కట్టె కావాల్సొచ్చి మద్రాసు తీరమంతా పెంచారు. అలా పాకి మా ఇసకలోకీ వచ్చేసింది.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, సరుగుడు కొట్టే ముఠాకి మేస్త్రి. సొంత తోట లేదు. తోటలు రాజులవీ, ఊళ్లో ఇంకొందరు మోతుబరులవీ. కానీ ఏ తోట ఎప్పుడు కొట్టాలి, ఎంత పలుకుతుంది అన్న మాట తాతయ్య నోటి నుంచి రావాల్సిందే. బేరానికొచ్చిన వ్యాపారి తోట చుట్టూ బండి మీద తిరిగి చూసేవాడు. తాతయ్య మాత్రం తలపాగా సర్దుకుని లోపలికి నడిచి వెళ్లి, నాలుగైదు చోట్ల ఆగి, చెట్టుని రెండు చేతుల మధ్య పట్టి చూసి బయటికొచ్చేవాడు. "లోపల బాగా తేలిపోయిందండి, ఇంకో ఏడాది ఆగండి రాజుగారూ" అంటే రాజుగారు ఆగేవారు. డబ్బు అవసరమున్నా ఆగేవారు.

ఆ తోటలు వేసే పద్ధతి చాలామందికి తెలీదు కాబట్టి కొంచెం చెప్తాను. సరుగుడు కాయలు చిన్నవి, గరుకుగా ఉంటాయి, చెప్పుల్లేకుండా తొక్కితే ఆ మంట మర్చిపోరు. పచ్చిగా ఉండగానే కోసి దుప్పటి మీద ఎండబెడితే నోళ్లు తెరుచుకుని రెక్కలున్న సన్నటి గింజలు రాలతాయి. గాలికి ఎగిరిపోయేంత తేలిక. వాటిని నారుమడిలో చల్లాక అసలు శత్రువు పక్షులు కాదు, చీమలు. ఒక్క రాత్రిలో మడంతా మోసుకుపోతాయి. అందుకే పైన గడ్డి కప్పి, చుట్టూ మందు చల్లి, పిల్లల్ని కాపలా పెట్టేవాళ్లు. చీమలకి కాపలా కాయడమంటే ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు, గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండేవాళ్లం. మొక్క జానెడు దాటాక వర్షాలు చూసుకుని నాటేవాళ్లు. మొదటి రెండు వేసవులు గండం. ఇసకలో అడుగు కింద తడి ఉంటుంది కానీ లేత వేరు అందుకోలేదు. ఇసకలోనే గుంటలు తవ్వి, ఊరిన నీటిని కుండల్లో ముంచి, కావిళ్లేసుకుని మొక్క మొక్కకీ పోసేవాళ్లు. ఆ తర్వాత చెట్టు తన సంగతి తనే చూసుకుంటుంది. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టిస్తుంది, ఎరువు పెద్దగా అక్కర్లేదు.

ఇక అసలు కిటుకు దూరంలో ఉంది. మొక్కకీ మొక్కకీ మధ్య ఒక్క మీటరు, అంటే ఎకరానికి నాలుగు వేల పైచిలుకు. నాకు ఊహ తెలిశాక తాతయ్యని అడిగాను, ఇంత ఇరుకుగా ఎందుకని. "ఇరుకుంటేనేగా పైకి చూసేది" అన్నాడు. పక్క నుంచి వెలుతురు రాకపోతే చెట్టు పక్కకి కొమ్మ వెయ్యదు. వేసిన కింది కొమ్మలు కూడా ఎండి రాలిపోతాయి. వెలుతురు కోసం పోటీ పడి నిటారుగా పోతుంది. నాలుగైదేళ్లకి ముడి లేని, వంకర లేని బాదు, అంటే పొడుగాటి నిటారు కర్ర, చేతికొస్తుంది. మాకు కావాల్సింది బాదే కదా. పిడికిలికి పట్టేవి పందిళ్లకీ పాకలకీ, దొడ్డువి మేడల సెంట్రింగుకీ, మరీ పెద్దవి పేపర్ మిల్లుకీ. రాజమండ్రి పేపర్ మిల్లుకి లోడ్ వెళ్లే రోజు లారీ ఇసకలో దిగబడకుండా దారంతా తాటాకులు పరిచేవాళ్లు. అయినా దిగబడేది. అప్పుడు ముఠా మొత్తం లారీని తోస్తుంటే మాకు పండగ.

తోట గట్టు మీద వరస మాత్రం వేరుగా ఉండేది. బయటి వైపు వెలుతురు కాబట్టి ఆ పక్కన నేల దాకా కొమ్మలు, లోపలి వైపు బోడి. సముద్రపు గాలికి ఒరిగి కూడా ఉండేవి. మొదటిసారి క్రిస్మస్ చెట్టు తేవడానికి నన్ను వెంట తీసుకెళ్లినప్పుడు, గట్టు మీద గుబురుగా కనిపించిన చెట్టుని చూపించి ఇదే కావాలని పట్టుబట్టాను. తాతయ్య నన్ను ఆ చెట్టు వెనక్కి తీసుకెళ్లి చూపించాడు. సగం చెట్టే ఉంది. "గోడకి ఆనిస్తే సరిపోద్ది గానీ మందిరం మధ్యలో పెడితే వెనక కూర్చున్నోళ్లు ఏం చూస్తారు?" అని లోపలికి నడిచాడు. అప్పుడే పడగొట్టిన చెట్ల దగ్గర, కొసల వైపు నడుచుకుంటూ వెళ్లి ఒక్కోదాన్నీ ఎత్తి తిప్పి చూశాడు. తోట లోపలి చెట్టుకి పైన ఆరేడడుగుల కొస ఉంటుంది చూడండి, దానికి నాలుగు వైపులా సమానంగా వెలుతురు తగులుతుంది. అందుకే కొమ్మలు చుట్టూ సరిగ్గా వస్తాయి. బాదు లెక్కలో ఆ కొసకి విలువ లేదు. సన్నంగా ఉంటుంది, ఎవడూ కొనడు. కొసలూ కొమ్మలూ కట్టెలుగా ఆడవాళ్లు మోపులు కట్టుకుని పట్టుకెళ్లేవాళ్లు. అందులోంచి ఒకటి మా మందిరానికి.

"రాజుగారూ, కొస ఒకటి మందిరానికి పట్టుకెళ్తున్నానండి" అని తాతయ్య ప్రతి డిసెంబరూ అడిగేవాడు.

"పట్టుకెళ్లవోయ్, అదేవన్నా అడిగే సంగతా? పిల్లలకి మిఠాయిలకి రేపు మా ఇంటికి రా."

అది అడగక్కర్లేదని ఇద్దరికీ తెలుసు, అయినా ఏ ఏడాదీ అడక్కుండా తెచ్చింది లేదు. ఆ మిఠాయిల డబ్బులతోనే సండే స్కూలు పిల్లలకి జంతికలూ బూందీ పొట్లాలు కట్టేవాళ్లు.

కొట్టడం డిసెంబరులోనే ఎందుకంటే, సార్వా కోతలై మనుషులు ఖాళీ అవుతారు, తుఫాన్ల కాలం దాటుతుంది, దారి ఆరుతుంది. తెల్లారుజామున మంచులో గొడ్డళ్లు మొదలయ్యేవి. ముఠాలో పని పంపకం ఉండేది. ఇద్దరు ఒకే చెట్టుకి ఎదురెదురుగా నిలబడి వేసేవాళ్లు, వాళ్ల వెనక కత్తులతో కొమ్మ దిద్దేవాళ్లు, ఆ వెనక మోసేవాళ్లు. తాతయ్య ఎప్పుడూ కొట్టేవాళ్ల దగ్గర ఉండేవాడు కాదు, దిద్దేవాళ్ల దగ్గర ఉండేవాడు. కత్తి వేటు బెరడుకి సమానంగా పడాలి. అర అంగుళం మొటిక మిగిలితే పందిరి వేసేవాడి చెయ్యి చీరుకుపోద్ది అనేవాడు. మోకాలి మీద కూర్చుని, దిద్దిన బాదుని అరచేత్తో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిమిరి చూడ్డం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. అరచేతికి ఏదన్నా తగిలితే ఏమీ అనడు, బాదుని వెనక్కి దొర్లించేవాడు. కొట్టడం పూర్తయ్యాక మొదళ్లు కూడా మిగలనిచ్చేవాళ్లు కాదు. గునపాలేసి వేళ్లతో సహా పెకలించి ఇటుకబట్టీలకి అమ్మేవాళ్లు. ఈ రకం సరుగుడు మోడు నుంచి సరిగ్గా చిగురెయ్యదు. కొట్టాక మళ్లీ నారు పొయ్యాల్సిందే.

మేం పిల్లలం ఆ పడ్డ కొమ్మల మీద ఆడే ఆట ఒకటుంది. సరుగుడు ఆకు అనుకునే సన్నటి ఆకుపచ్చ పుల్లకి వరసగా కణుపులుంటాయి. ఒక కణుపు దగ్గర లాగితే టిక్కుమని ఊడి వస్తుంది. మళ్లీ అక్కడే దోపేసి పక్కవాడికిచ్చి "ఎక్కడ విరిచానో చెప్పు" అనాలి. ఒక్కసారికి చెప్పినవాడు మొనగాడు. నిజమైన ఆకులు ఆ కణుపు దగ్గర కంటికి ఆననంత చిన్న పళ్ల వరస అనీ, మేం విరిచేది కొమ్మనే అనీ ఇంటర్‌లో బాటనీ లెక్చరర్ చెప్పేదాకా తెలీదు. తాతయ్యకి చెప్తే, "ఆకు లేకుండానే అంత కాయ కాస్తందా?" అని నవ్వాడు, నమ్మలేదు.

చెట్టు మందిరానికి చేరాక ఖాళీ నూనె డబ్బాలో తడి ఇసక కూరి నిలబెట్టేవాళ్లం. అలంకరణ ఆడవాళ్ల చేతిలో ఉండేది, అందులో మా వైపు వాళ్లకి ఎవరూ సాటి రారు. నరసాపురం లేసు తెలుసు కదా, మిషనరీల కాలం నుంచి గోదావరికి రెండు పక్కలా పల్లెల్లో ఆడవాళ్లు కొక్కెం సూదితో అల్లేది. మా అమ్మా, పిన్నీ, వీధిలో సగం మంది గుమ్మాల్లో కూర్చుని అల్లేవాళ్లు. ఏజెంటు దారం తూకమేసి ఇచ్చి, అల్లిన ముక్కలు పట్టుకెళ్లి నరసాపురం రేవు దాటించేవాడు. అక్కణ్ణించి అవి ఓడలెక్కి విదేశాలకి పోయేవి. తేడా వచ్చి ఏజెంటు వెనక్కి పారేసిన లేసు పూలు, గుండ్రటి చిన్న ముక్కలు ఇళ్లల్లో పోగుపడేవి. వాటికి గంజి పెట్టి ఆరేసి చెట్టుకి కట్టేవాళ్లు. సరుగుడు కొమ్మ లేతగా వంగుతుంది, బరువు మొయ్యదు. గాజు గోళాలు కడితే నేలకి దిగిపోతుంది. లేసు పువ్వుకి బరువేముంది, ఆ కొమ్మకి సరిగ్గా సరిపోయేది. పైన కొంచెం దూది, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితం, గ్లేజు కాగితపు నక్షత్రం. ఈ రోజుల్లో క్రోషే ఆర్నమెంట్స్ అని ఆన్‌లైన్‌లో చూస్తే ధర చూసి కళ్లు తిరుగుతాయి. మా అమ్మకి ముక్కకి వచ్చిన కూలి తల్చుకుంటే ఇంకా తిరుగుతాయి.

చెట్టు అందరికీ నచ్చేది కాదు, అది కూడా చెప్పాలి. నరసాపురం వైపు సువార్త మొదట తెచ్చింది 1836లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు. వాళ్లది బ్రదరెన్ పద్ధతి, ఆడంబరాలు పనికిరావు. ఆ గోదావరి డెల్టా మిషన్ సంఘాల నీడ మా దీవి మీద కూడా ఉంది. తాతయ్య తమ్ముడు, మా చిన్నతాతయ్య, ఆ సంఘం మనిషి. డిసెంబరు రాగానే ఇద్దరికీ వాదన. "చెట్టు బైబిల్లో ఏ అధ్యాయంలో ఉందన్నయ్యా?" అని ఈయన. "నువ్వు కట్టుకున్న గడియారం ఏ అధ్యాయంలో ఉందిరా?" అని ఆయన. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం మాత్రం చిన్నతాతయ్య మా ఇంట్లోనే భోంచేసేవాడు, అరిసెలు కట్టించుకుని వెళ్లేవాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమని తుడిచిపెట్టేసింది. కొబ్బరి ఎలా కూలిందో అప్పుడు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పినా తెలీదు. సరుగుడు తోటల్లో నడుం దగ్గర విరిగినవి కొన్ని, వరసలకి వరసలు ఒకే దిక్కుకి ఒరిగినవి కొన్ని. లేత తోటలు వంగి మళ్లీ లేచాయి. ఒరిగినదంతా ఒకేసారి కొట్టాల్సొచ్చేసరికి ముఠాకి చేతినిండా పని, రైతుకి మాత్రం ధర పడిపోయింది. అప్పటికి తాతయ్య గొడ్డలి పట్టడం మానేశాడు. కర్ర పట్టుకుని తోట దాకా వచ్చి, పడ్డ చెట్ల మీద కూర్చుని, కుర్రాళ్లని కేకలేసేవాడు. ఆ ఏడు మందిరం పైకప్పు లేచిపోయి ఉంది. పైన టార్పాలిన్ కట్టి, ఆ బాదులతోనే పందిరి వేసి పండగ చేశారు. తాతయ్య పోయింది ఆ తర్వాత ఎన్నాళ్లకో కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఒరెగాన్‌లో క్రిస్మస్ చెట్ల తోట చూశాను. మా పిన్ని కొడుకు పోర్ట్‌లండ్ దగ్గర ఉంటాడు. నవంబరు చివర్లో వాడి దగ్గరికి వెళ్తే, "అన్నయ్యా, నీకు నచ్చే చోటు ఒకటుంది" అని విల్లమెట్ లోయకి తీసుకెళ్లాడు. అమెరికాలో ఈ చెట్లు అన్నిటికన్నా ఎక్కువ పండించే రాష్ట్రం ఒరెగాన్. డగ్లస్ ఫర్, నోబుల్ ఫర్ కొండవాలు పొడుగునా వరసలు. వాన, బురద. తోటగలాయన ఓపిగ్గా చెప్పాడు. ఐదడుగులకొక మొక్క, ఎకరానికి 1,700 దాకా. ఆరేడడుగుల చెట్టుకి ఏడు నుంచి పదేళ్లు. నారు పెంచిన కాలం దానికి అదనం.

ఆ దూరం వినగానే నాకు తాతయ్య మాట గుర్తొచ్చింది. మేం ఇరికించేది కొమ్మ రాకుండా. వాళ్లు ఎడం పెట్టేది కొమ్మ నేల దాకా ఉండటానికి. ప్రతి వేసవిలోనూ పొడుగాటి కత్తులతో చెట్టు చుట్టూ తిరుగుతూ కొసలు చెక్కుతారట. చెక్కిన చోట కొత్త మొగ్గలు లేచి కొమ్మ దట్టమవుతుంది. తల దగ్గర రెండు మొలకలు పోటీ పడితే ఒకటి తీసేస్తారు, లేకపోతే నక్షత్రం ఎక్కడ పెట్టాలి? కత్తి జారితే కాలు పోతుందని మోకాలి కింద తొడుగు కట్టుకుంటారట. చెట్టు ఎత్తు, రకం బట్టి రంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. కోసిన చెట్టుని ఒక యంత్రం మీద నిలబెట్టి గడగడా ఊపితే ఎండుటాకులు రాలిపోతున్నాయి. ఇంకో యంత్రంలోంచి లాగితే వల తొడుక్కుని సన్నగా బయటికొస్తోంది. పెద్ద తోటల్లో బురదలో లారీ దిగదని హెలికాప్టర్‌కి మోపులు వేలాడదీసి రోడ్డు దాకా చేరుస్తారు. మా తాటాకుల దారి చూసినవాణ్ణి, నోరెళ్లబెట్టి విన్నాను.

ఇంకోటి విని మరీ ఆశ్చర్యపోయాను. కొందరు రైతులు చెట్టు కోసేటప్పుడు అడుగున ఒక చుట్టు కొమ్మలు మోడుకే వదిలేస్తారు. వాటి బలంతో మోడు బతికి, ఒక కొమ్మ నిటారుగా లేచి మళ్లీ చెట్టవుతుంది. నాటే పని తప్పుతుంది.

"తాతయ్య ఇది చూస్తే ఏమనేవాడు?" అన్నాడు తమ్ముడు.

"కొమ్మలు దిద్దకుండా వదిలేశార్రా, ముఠాకి మేస్త్రి లేడా అనేవాడు."

అక్కడ పనివాళ్లలో ఎక్కువమంది మెక్సికో వాళ్లు. వాళ్లలో నడివయసాయన ఒకడు కోసిన చెట్టుని లారీలోకి ఎత్తే ముందు ఒకసారి గుండ్రంగా తిప్పి చూసి, ఒక పక్కన కొమ్మ తగ్గిన దాన్ని వేరే కుప్పలో పడేశాడు. ఏమీ అనలేదు. నాకు స్పానిష్ రాదు, ఆయనకి తెలుగు రాదు, పలకరింపుగా నవ్వుకున్నాం అంతే.

మన దగ్గర కూడా ఇప్పుడు డబ్బున్న ఇళ్లల్లో, హోటళ్లలో కడియం నర్సరీల నుంచి తెచ్చిన క్రిస్మస్ ట్రీ కుండీలు పెడుతున్నారు. కడియపులంకలో ఆ పేరుతో అమ్మేది అరకేరియా. దాని సొంతూరు ఆస్ట్రేలియాకి తూర్పున నార్‌ఫోక్ దీవి. ఒక నర్సరీ ఆయన చెప్పాడు, తల మొలకని అంటు వేస్తేనే అది నిలువుగా పెరుగుతుందట. పక్క కొమ్మ తెచ్చి నాటితే వేరు పోసుకున్నా జీవితాంతం పక్కకే పాకుతుందట. చెట్టుకి కూడా తను తలో కొమ్మో గుర్తుంటుందన్నమాట. కుండీలో నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే ఖరీదు. పల్లెటూరి మందిరానికి అందేది కాదు.

మా ఊళ్లో ఇప్పుడు మావయ్య కొడుక్కి ఎకరంన్నర సరుగుడు ఉంది. గింజ నారు కాదు, క్లోన్లు. ఒకే తల్లి చెట్టు నుంచి తీసిన చిగుళ్లని ట్రేల్లో వేరు పోయించి తెస్తారు. తోటంతా ఒకే ఎత్తు, ఒకే లావు, మూడు నాలుగేళ్లకే కోత. కొమ్మ తక్కువ ఉండేవాటినే ఏరి క్లోన్లు తీస్తారు కాబట్టి కాండం అద్దంలా ఉంటుంది. దాంతో కొత్త చిక్కొచ్చింది. వాటి కొసని మందిరంలో నిలబెడితే బోసిగా ఉందని పిల్లలు గొణుగుతున్నారు. పోయినేడు సంఘం వాళ్లు ప్లాస్టిక్ చెట్టు కొన్నారు. పెద్దాళ్లు ఊరుకోలేదు, చివరికి లోపల ప్లాస్టిక్‌ది, గేటు దగ్గర సరుగుడు. మావాడు ఇప్పుడు కంచె పక్కన పాత రకం గింజ మొక్కలు కొన్ని ఎడం ఎడంగా వేశాడు, మందిరం కోసమని. ఎడం చాలా ముఖ్యమని ఒరెగాన్ సంగతి నేనే ఫోన్లో చెప్పాను.

"అక్కడ ఒక్కో చెట్టు ఎంత పలుకుతుంది బావా?"

మేం చూసిన తోటలో మంచి నోబుల్ ఫర్ వంద డాలర్ల దాకా ఉందన్నాను. కాసేపు చప్పుడు లేదు. ఎకరానికి 1,700 పెట్టి లెక్కేస్తున్నాడని అర్థమైంది.

"ఎన్నేళ్లకన్నావ్?"

"ఏడు నుంచి పది."

"పదేళ్లా? అప్పిచ్చినోడు ఆగుతాడా బావా? మధ్యలో మనకెన్ని తుఫాన్లు పడతాయి!" అని పెద్దగా నవ్వి, తోటకి నీళ్లు పెట్టాలని ఫోన్ పెట్టేశాడు.